పాత రేడియో పెట్టెకు పాలిష్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వాల్వు రేడియో పలకడం లేదని రాసేవాళ్లకంటే, పలుకుతున్న రేడియో పెట్టె కళ తప్పిందని రాసినవాళ్లే ఈసారి ఎక్కువ. అందుకని వైరింగు సంగతి పక్కనబెట్టి ఈ సంచికలో చోటంతా చెక్కపనికే ఇచ్చాం.

మా తాతగారి మర్ఫీ రేడియో పెట్టె నల్లబడింది. పైభాగమంతా సన్నని పగుళ్లు. మా వడ్రంగి మొత్తం గీకేసి మెలమైన్ పాలిష్ కొడతానంటున్నాడు. కొట్టించమంటారా? (రాజమహేంద్రవరం పాఠకుడు)

ఆగమనండి. పాత రేడియోల్లో మనం చూసే ముదురు గోధుమ రంగు చాలావరకు చెక్కది కాదు, చెక్కమీది లక్కర్‌లో కలిపిన రంగు. అంచుల దగ్గర ముదురుగా, నడుమ లేతగా ఉంటుందే, అది ఫ్యాక్టరీలో స్ప్రే గన్‌తో వేసిన నీడ. గీకితే పూతతోపాటు ఆ నీడా పోతుంది. కింద బయటపడేది పాలిపోయిన చెక్క, ఒక్కోచోట ఒక్కో రంగులో. కాబట్టి గీకడం ఆఖరి మార్గం.

ముందు పైనున్న పూత ఏదో తేల్చుకోండి. పెట్టె అడుగున గానీ వెనక అంచున గానీ గోరంత చోటు చాలు. దూదిపుల్లను మినరల్ టర్పెంటైన్‌లో (రంగుల షాపులో ఎం.టి.ఓ. అని అడగండి) ముంచి రుద్దితే మురికీ మైనమూ వస్తాయి, పూతకు ఏమీ కాదు. తర్వాత అక్కడే పాలిష్ స్పిరిట్ ఒక చుక్క పెట్టి అర నిమిషం ఆగండి. బాగా జిగటపడితే అది లక్క పాలిష్, అంటే షెల్లాక్. కదలకపోతే పక్కన ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ చుక్క పెట్టండి. కరిగి పుల్లకు అంటుకుంటే నైట్రోసెల్యులోజ్ లక్కర్. కరగకుండా ముడతపడి లేచిందంటే, మధ్యలో ఎవరో వేయించిన వార్నిషో ఎనామిలో అనుకోవాలి. దేనికీ చలించకపోతే పాలియెస్టర్, పియు (పాలీయూరెథేన్), మెలమైన్‌లాంటి గట్టి పూత. ఈ వరుస తప్పకూడదు. థిన్నర్ షెల్లాక్‌నూ కరిగిస్తుంది, కాబట్టి అది ముందు పెడితే తేడా తెలియదు.

మీరు చెప్పిన సన్నని పగుళ్లు నైట్రోసెల్యులోజ్‌కు మామూలే. పూతను మెత్తగా ఉంచే పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ ఆవిరైపోతుంది, పూత పెళుసెక్కుతుంది. కింద చెక్క వానాకాలం ఉబ్బుతూ ఎండాకాలం కుంచించుకుంటూ ఉంటే ఆ పెళుసు పొర పగలక ఏం చేస్తుంది? అయితే ఈ లక్కర్‌కు ఒక సుగుణం ఉంది. ఎన్నేళ్ల తర్వాతైనా థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. దాన్నే వాడుకుందాం.

మొదట ఎం.టి.ఓ.తో తడిపిన పాత బనియన్ గుడ్డతో శుభ్రం చేయండి. గుడ్డ నల్లబడినప్పుడల్లా మడత మార్చండి. నీళ్లు వద్దు, పగుళ్లలోంచి వెనీర్ (పైన అతికించిన పలచని చెక్కపొర) కిందికి దిగుతాయి. చాలా పెట్టెలు ఈ ఒక్క మెట్టుతోనే సగం తేరుకుంటాయి. నల్లమచ్చ అనుకున్నది వంటింటి పొగ, చేతి జిడ్డు మాత్రమే కావచ్చు. ఒకరోజు ఆరాక ఎన్.సి. థిన్నర్ 3 పాళ్లు, రిటార్డర్ (పూత నెమ్మదిగా ఆరేలా చేసే ద్రావకం) 1 పాలు కలపండి. పనిచేసే పలక పైకి చూసేలా పెట్టెను పడుకోబెట్టి, అంగుళం మెత్తటి బ్రష్‌తో ఆ చివరినుంచి ఈ చివరికి ఒక్కసారే లాగండి. లాగినచోట మళ్లీ లాగితే రంగు కదిలి చారలు పడతాయి. పది, పదిహేను నిమిషాల్లో పగుళ్లు మూసుకుంటాయి. మూసుకోనివాటికి మర్నాడు ఇంకో చెయ్యి. పూర్తిగా ఆరాక పైన రెండు పలచని క్లియర్ లక్కర్ పూతలు చాలు. పగులు చెక్కదాకా తెరుచుకుని పొర రాలుతుంటే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు.

ఇక మెలమైన్. భోజనాల బల్లకు అది మంచి పాలిష్, కాదనం. కానీ అది యాసిడ్ హార్డెనర్‌తో గట్టిపడుతుంది, మళ్లీ థిన్నర్‌కు కరగదు. రేపు చిన్న దెబ్బ తగిలినా అంతా గీకాల్సిందే, కింద ఉన్నదేమో మిల్లీమీటరు కూడా లేని వెనీర్.

యంత్రం బయటికి తీయకుండా, గుడ్డ కప్పి పాలిష్ చేసుకోకూడదా? (వరంగల్ పాఠకురాలు)

కూడదు. థిన్నర్ ఆవిరి స్పీకర్ పేపరు అంచు జిగురును, డయల్ తాడును వదలదు. పాలిష్ తుంపర ట్యూనింగ్ కండెన్సర్ రేకుల మధ్య పడితే స్టేషన్లే పోతాయి.

తీసేముందు ప్లగ్ పీకండి. స్విచ్ కట్టేస్తే చాలదు. ఫిల్టర్ కెపాసిటర్లలో ప్లగ్ పీకాక కూడా రెండు, మూడు వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను పొడవాటి ఇన్సులేటెడ్ తీగలతో కెపాసిటర్ ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య కొన్ని సెకన్లు పట్టుకుంటే దిగిపోతుంది. మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి. ఈ పని అలవాటు లేకపోతే ఇంతవరకు రేడియో మెకానిక్‌తో చేయించుకోండి.

వాల్వుల మీద నంబర్లు యూసీహెచ్ 42, యూఎల్ 41, యూవై 41 అని యూ అక్షరంతో ఉన్నాయా? అయితే అది చాలావరకు ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్. అందులో ఛాసిస్ (భాగాలన్నీ బిగించిన ఇనుప రేకు) నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్ తిరగేసి పెడితే ఇనుప రేకంతా కరెంటే. అందుకే అలాంటి సెట్లలో నాబ్ లోపలి మర మీద మైనం నింపేవారు, అడుగున ఛాసిస్ బోల్టుల తలలు మూసేవారు. శుభ్రం చేస్తూ ఆ మైనం తీసేస్తే మళ్లీ నింపడం మరిచిపోవద్దు.

నాబ్‌లను స్క్రూడ్రైవర్‌తో ఎగదీయకండి, వెనీర్ సొట్టపడుతుంది. వెనకనుంచి గుడ్డపేలిక చుట్టి రెండు కొసలూ పట్టుకుని లాగితే వస్తాయి. వాటి వెనక ఫెల్టు వాషర్లుంటాయి, దాచండి. స్పీకర్ పెట్టెకు బిగించి ఉంటే ఏ తీగ ఎక్కడుందో రాసుకుని విప్పండి. స్పీకర్ లేకుండా సెట్‌ను ఆన్ చేయడం మాత్రం వద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

డయల్ గాజును ముందువైపు మాత్రమే తుడవండి. స్టేషన్ల పేర్లు వెనకవైపు అచ్చువేసి ఉంటాయి. తడిగుడ్డ తగిలితే ఊళ్లపేర్లన్నీ గుడ్డకే వస్తాయి. వెనకపక్క పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి వదిలేయండి.

మరో జాగ్రత్త. కొన్ని సెట్లలో వాల్వుల వేడి తగిలే చోట పెట్టె లోపలివైపు బూడిదరంగు అట్టలాంటిది అతికించి ఉంటుంది. అది ఆస్బెస్టాస్ కావచ్చు. గీకవద్దు, సాండ్ పేపర్ తాకించవద్దు, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచండి.

కొన్న రేడియోకు ఎవరో నల్ల ఎనామిల్ పూసేశారు. పూర్తిగా తీయక తప్పదు. ఏ నంబరు సాండ్ పేపర్‌తో మొదలుపెట్టాలి? తీశాక అసలు రంగు ఎలా వస్తుంది? (హైదరాబాద్ పాఠకుడు)

సాండ్ పేపర్‌తో మొదలుపెట్టనే వద్దు. అది రంగు తీసే సాధనం కాదు. కరెంటు సాండర్ అయితే మూలల్లో వెనీర్‌ను నిమిషంలో తినేస్తుంది, కింద ప్లైవుడ్ తేలాక దానికి మందు లేదు. పెయింట్ రిమూవర్ మందంగా పూసి, పైన పాలిథిన్ షీట్ కప్పి, డబ్బామీద రాసినంత సేపు ఆగండి. ఉబ్బిన రంగును మూలలు గుండ్రంగా అరగదీసిన ప్లాస్టిక్ గరిటతో, చెక్క నార వెంట తీయండి. మలుపుల్లో పాత టూత్‌బ్రష్ వాడండి. మిగిలినదాన్ని ఎన్.సి. థిన్నర్, 0000 నంబరు స్టీల్ ఊల్‌తో జానెడు చోటు చొప్పున తీసి, వెంటనే గుడ్డతో తుడవండి. నీళ్లతో కడగమని కొన్ని రిమూవర్ డబ్బాల మీద ఉంటుంది. రేడియో పెట్టెకు థిన్నర్‌తోనే కడగాలి. రబ్బరు తొడుగులు, ఆరుబయట పని తప్పనిసరి. దగ్గర్లో పొయ్యి, దీపం, అగరుబత్తి ఉండకూడదు.

అప్పుడు చేత్తో, చెక్కముక్కకు చుట్టి, 240 పేపరు నార వెంట నాలుగైదుసార్లు, తర్వాత 320. 180 కంటే గరుకు కాగితం ఇంట్లో ఉంటే దాచేయండి. అడ్డంగా రుద్దిన ఒక్క గీత రంగు పడ్డాక పదిగీతలై కనిపిస్తుంది.

అసలు రంగు ఆ పెట్టెలోనే దొరుకుతుంది. నాబ్‌ల వెనక, డయల్ చట్రం కింద, ఎనామిల్ చేరని చోట పాత పూత మిగిలే ఉంటుంది. తీయకముందే పగటి వెలుగులో ఫోటో తీసి, ఆ చోట్లను టేపుతో కాపాడండి. టేకు, వాల్‌నట్ చెక్కకు రంధ్రాలెక్కువ. వాటిని పూడ్చకపోతే ఎన్ని పూతలు వేసినా అద్దంలా రాదు. చాక్ పౌడర్‌లో కాస్త అంబర్ (ముదురు గోధుమ) రంగుపొడి వేసి సీలర్‌తో (లక్కర్‌కు ముందు వేసే అడుగుపూతతో) జావలా కలిపి, నారకు అడ్డంగా గోనెగుడ్డతో రుద్దండి. మిగులును కూడా అడ్డంగానే తుడవాలి, నార వెంట తుడిస్తే పూడినది బయటికొస్తుంది. చెక్క కంటే ఒక పిసరు ముదురుగా ఉండాలి. తెల్ల పూడిక ఏళ్లు గడిస్తే చుక్కలుగా తేలుతుంది.

రాత్రంతా ఆరాక సీలర్ ఒక పూత. ఇక్కడినుంచి రంగును చెక్కమీద కాదు, లక్కర్‌లో వేయండి. క్లియర్ లక్కర్‌లో స్పిరిట్ స్టెయిన్ కొద్దికొద్దిగా కలిపి, ముందు పాత చెక్కమీద కొట్టి చూసి, పెట్టెమీద పలచగా కొట్టండి. రెండు పూతల్లో రంగు సగమే రావాలి. తొందరపడి ఒకే పూతలో రాబడితే కారినచోట నల్లగీత నిలుస్తుంది. అంచులు, కిందిపట్టీ ముదురు కావాలంటే మిగతా భాగానికి కాగితం అడ్డంపెట్టి, కాగితాన్ని చెక్కకు అంగుళం ఎత్తులో పట్టుకుని కొట్టండి. అప్పుడు గీత కనబడదు, నీడలా కలిసిపోతుంది.

పైపలక మీద వెనీర్ బొబ్బలెక్కింది, ఒక మూల రెండంగుళాలు ఊడిపోయింది. (తెనాలి పాఠకుడు)

ఆ కాలపు పెట్టెల్లో చాలావాటికి సరేసు, అంటే పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసే జిగురు వాడారు. అది వేడికీ తేమకూ మళ్లీ మెత్తబడుతుంది. బొబ్బమీద బటర్ పేపర్, దానిమీద మడతపెట్టిన గుడ్డ వేసి, మధ్యస్థ వేడిలో ఇస్త్రీపెట్టెను పది సెకన్లు ఆనించి, తీసి, వెంటనే బరువు పెట్టి చల్లారనివ్వండి. అణిగితే సరే. లేకపోతే లోపల జిగురు పొడైపోయిందన్నమాట. బ్లేడుతో బొబ్బమీద నార వెంట సన్నగా చీల్చి, లావు సూది సిరంజితో తెల్లజిగురు ఎక్కించండి, నీళ్లు కలిపినా ఒకటి రెండు చుక్కలకు మించకూడదు. బయటికొచ్చిన జిగురు అప్పుడే తుడవాలి. ఆరిపోయిన జిగురుమీద స్టెయిన్ పట్టదు, అక్కడ తెల్లమచ్చ మిగులుతుంది. పాలిథిన్ షీట్, చదునైన చెక్క, పైన క్లాంపు, ఒకరోజు. ఇస్త్రీ వేడి పాత లక్కర్‌ను తెల్లబరిస్తే కంగారుపడకండి, రిటార్డర్ పలచగా కొడితే తేరుకుంటుంది.

ఊడిన మూలకు ముక్క అతకాలి. అతుకు నారకు అడ్డంగా నిటారు గీత అయితే ఎంత రంగు వేసినా కంటికి కొడుతుంది. పాత అంచును ఏటవాలుగా కోసి, ముక్కనూ అలాగే కోయండి. కొత్త వెనీర్ పాతదానికంటే ఒక వెంట్రుకవాసి మందంగా ఉంటే ఆరాక సమం చేసుకోవచ్చు; పలచనైతే గుంట. చెడిపోయిన రేడియో పెట్టె ఏదైనా పాతసామాన్ల కొట్లో దొరికితే తెచ్చి దాని పక్కపలకలోంచి తీసుకోండి, ఆ కాలపు చెక్కకు అదే జత.

నా సెట్ యుద్ధానికి ముందుది, పరీక్షలో షెల్లాక్ అని తేలింది. పాళ్లు చెప్పండి. గుడ్డ అతుక్కుపోయి గీతలు పడుతున్నాయి. (బెంగళూరు పాఠకుడు)

మామూలు బల్లరేడియోకు 40 గ్రాముల లక్కపెంకు, 250 మిల్లీలీటర్ల పాలిష్ స్పిరిట్. గాజుసీసాలో రాత్రంతా నాననిచ్చి, అప్పుడప్పుడు కుదిపి, గుడ్డలో వడకట్టండి. నారింజ పెంకు ఎర్రటి కళ ఇస్తుంది, లేత చెక్కకు తెల్లపరిచినది తీసుకోండి. కలిపిన లక్క నిలవుండదు, కొన్ని నెలలకు ఆరే గుణం పోతుంది. సీసామీద తేదీ వేయండి. అనుమానమైతే గాజుముక్కమీద చుక్క వేసి చూడండి. మర్నాటికి గోరు దిగుతుంటే పారబోయడమే.

దూదిని పాత పంచె గుడ్డలో గట్టిగా మూటకట్టి, లక్కను దూదిలో పోయండి, గుడ్డను ముంచవద్దు. చేతివెనక నొక్కితే చెమ్మ మాత్రమే తెలియాలి. కదులుతూ దిగాలి, కదులుతూ లేవాలి. పెట్టెమీద మూట ఆగిన క్షణం కిందిపూత కరిగి గుడ్డ నేత అచ్చుపడుతుంది. మీ గీతలకు మూడు కారణాల్లో ఒకటుంటుంది: మూట మరీ తడిగా ఉండటం, లక్క చిక్కబడటం, కిందిపూత ఆరకముందే మళ్లీ ఎక్కించడం. పని ఆపి ఒకరోజు ఆరనిచ్చి, 400 పేపరుతో గీతలు తీసి, లక్కలో నాలుగోవంతు స్పిరిట్ కలిపి మళ్లీ మొదలుపెట్టండి. మూట బరువుగా నడుస్తుంటే అడుగున లిన్సీడ్ ఆయిల్ ఒక్క చుక్క. ఒక పూటకు ఆరేడు చుట్లు, రోజు విరామం, అలా మూడు నాలుగు పూటలు. చివర దాదాపు పొడిమూటకు స్పిరిట్ తగిలీ తగలనట్టు పట్టించి లాగితే పైకొచ్చిన నూనె పోయి మెరుపు నిలుస్తుంది.

నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేసి తర్వాత పారేయండి.

ఎన్.సి. లక్కర్ కొట్టిన అయిదు నిమిషాలకు పెట్టె అంతా పాలు పోసినట్టు తెల్లబడింది. (విశాఖపట్నం పాఠకుడు)

సముద్రపు గాలి, మరి. థిన్నర్ గబగబా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని చెమ్మ దానిమీద దిగుతుంది, పూతలో చిక్కుకుని తెల్లగా కనబడుతుంది. గీకనక్కర్లేదు. ఎండపొడ ఉన్నరోజు రిటార్డర్‌ను మంచులా ఒక్కచెయ్యి కొడితే పూత మళ్లీ తెరుచుకుని చెమ్మ పోతుంది. ఇకముందు లక్కర్‌కు సమంగా థిన్నర్ కలిపి, ఆ థిన్నర్‌లో పదోవంతు రిటార్డర్ ఉంచండి. గాలిలో తేమ 75 శాతం దాటినరోజు గన్ పట్టుకోకండి. పని పదకొండు తర్వాత మొదలుపెట్టి మూడింటికి ముగించండి. కంప్రెసర్ ట్యాంకు అడుగునున్న నీళ్లు రోజూ వదలండి.

గాలి 40 పి.ఎస్.ఐ. ప్రాంతంలో, గన్ జానెడు దూరంలో. పూతకూ పూతకూ ముప్పావుగంట, మొత్తం నాలుగైదు పూతలు. నారింజతొక్కలా వస్తే లక్కర్ చిక్కగా ఉందని లెక్క. చేపకన్నుల్లాంటి గుంటలు పడితే కింద సిలికాన్ ఉంది. ఫర్నిచర్ మెరుపు స్ప్రేలు వాడినవాళ్లందరికీ ఇదే తిప్పలు. థిన్నర్‌తో రెండుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడిచి, పలచని షెల్లాక్ ఒక పూత అడ్డంవేసి మళ్లీ కొట్టండి.

చేతికి ఆరినట్టున్నా రెండుమూడు వారాలు ముట్టకండి. పూత ఇంకా కుంగుతూనే ఉంటుంది. తర్వాత సబ్బునీళ్లతో 1000, 1500, 2000 పేపర్లు, ఆపైన రబ్బింగ్ కాంపౌండ్. మూలల్లో 1000 వద్దు, 2000 చాలు.

మా దగ్గరున్నది 1940ల నాటి ఫిల్కో. ముందు పలకమీద అందమైన చెక్క నార. పూత తీసి కొత్తగా వేద్దామనుకుంటున్నాను. (న్యూజెర్సీ పాఠకురాలు)

ముందు భూతద్దం తెచ్చుకోండి. 1930ల చివర, 1940లలో అమెరికన్ కంపెనీలు ఖరీదైన వెనీర్ బదులు మామూలు చెక్కమీద చెక్కనారను అచ్చువేశాయి. ఫోటోఫినిష్ అంటారు. నార మీద రంధ్రాలు లేకుండా, అచ్చు చుక్కలో గీతలో కనిపిస్తే ఇదే. రిమూవర్ వేశారా, అంత అందమూ గుడ్డమీదికి వచ్చేస్తుంది, పెట్టె బోడి చెక్కగా మిగులుతుంది. ఎం.టి.ఓ. శుభ్రత, గీతలకు సన్నకుంచెతో రంగు, పైన క్లియర్ లక్కర్ పొడిపొడిగా రెండు పూతలు, అంతవరకే. కంపెనీ పేరు అచ్చుకూ అదే నియమం. మొదటిపూత తడిగా కొడితే అక్షరాలు కరుగుతాయి.

మీ దేశంలో 2019 నుంచి మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రిమూవర్లను ఇంటి వాడకానికి అమ్మడం లేదు. నైట్రోసెల్యులోజ్‌కు అవి అవసరం కూడా లేదు.

పూలకుండీ పెట్టినచోట గుండ్రటి మచ్చ. (గుంటూరు పాఠకురాలు)

తెల్లదా, నల్లదా? తెల్లదైతే చెమ్మ పూతలోనే ఉంది, పైన చెప్పినట్టు లక్కర్‌కు రిటార్డర్, షెల్లాక్‌కు స్పిరిట్ మూట. నల్లదైతే నీళ్లు చెక్కదాకా దిగి, ఇనుము, చెక్కలోని టానిన్ కలిసి సిరా తయారైంది. పూత తీశాకే పోతుంది. లీటరు గోరువెచ్చటి నీళ్లకు 100 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ కరిగించి, బ్రష్‌తో చెమ్మగా, మచ్చమీద మాత్రమే కాక మొత్తం పైపలకంతా రాయండి. మచ్చమీదే రాస్తే అక్కడ లేత చక్రం తేలుతుంది. ఆరాక తడిపి పిండిన గుడ్డతో మూడుసార్లు తుడవండి. మిగిలిన పొడి మీద సాండ్ పేపర్ వేస్తే ముక్కు, గొంతు మండిపోతాయి. ఇది విషం, ముసుగు, తొడుగులు కావాలి, పిల్లలకు అందకూడదు. దీనికి ముందు స్టీల్ ఊల్ వాడకండి, విరిగిన ఇనుప పోగులే కొత్త నల్లచుక్కలవుతాయి.

స్పీకర్ గుడ్డ ఉతకొచ్చా? (కర్నూలు పాఠకుడు)

చిరుగులేకపోతే ముందు ఊడదీయకుండానే, మీద దోమతెర ముక్క పరిచి వాక్యూమ్ తక్కువలో పెట్టి దుమ్ము లాగి చూడండి. ఊడదీసి ఉతికిన రేయాన్ గుడ్డ కుంచించుకుపోయి చట్రానికి సరిపోకపోవడం మామూలే. తప్పదనుకుంటే వెనకవైపు మూల తడిపి రంగు దిగుతుందేమో చూసి, చల్లటి సబ్బునీళ్లలో పిండకుండా ముంచి తీసి, నీడలో పరిచి ఆరబెట్టండి. అతికేటప్పుడు జిగురు చట్రానికే పలచగా రాయాలి, గుడ్డకు కాదు. ముందు పైఅంచు అతికి, ఆరాక కింది అంచు లాగితే నేతగీతలు వంకర పోవు. మందపు కర్టెన్ గుడ్డ వేస్తే ధ్వని మూసుకుపోతుంది. గుడ్డ గుండా అవతలి వెలుగు కనిపించాలి, ఊదితే గాలి పోవాలి.

పెట్టె కింద రోజూ పిండిలాంటి పొడి రాలుతోంది. పాలిష్ వేస్తే ఆగుతుందా? (నిజామాబాద్ పాఠకుడు)

ఆగదు. పురుగు లోపలుంది, పాలిష్ బయట. గుండుసూది తలంత రంధ్రాలు వెతికి, నూనె ఆధారిత చెక్కపురుగు మందును సిరంజితో ఒక్కొక్కదాంట్లో పొంగేదాకా ఎక్కించండి. నీళ్లలో కలిపే మందు వద్దు, ప్లైవుడ్ ఉబ్బుతుంది. లోపలివైపు పాలిష్ లేని చెక్కకంతా బ్రష్‌తో రాసి, పాలిథిన్ సంచిలో రెండువారాలు మూసి ఉంచండి. అప్పుడు రంధ్రాలను రంగు కలిపిన మైనంతో పూడ్చి, కింద నల్లకాగితం పరిచి నెలరోజులు చూడండి. కాగితం మీద కొత్త పొడి పడకపోతేనే పాలిష్ పని మొదలు. పక్కనున్న చెక్కసామాను కూడా ఒకసారి తిరగేసి చూసుకోండి.